బరువున్న వాళ్ళది దారి

ఆ ఏడు మా కొండ మీద సీతాఫలాలు విరగకాశాయి. కింద చేలల్లో శెనక్కాయ మాత్రం ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి, మోకాలెత్తు కూడా రాకుండానే మాడిపోయింది. దేవుడు ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో నిమురుతాడని మా పక్కింటి ఆంజినమ్మ అంటుంది. ఆమె నాకు వదిన వరస. నాకైతే కొట్టిన చెయ్యే గుర్తుంటుంది.

మాది గుత్తికి ఇవతల, కొండ పాదం దగ్గర ఊరు. సీతాఫలాల కాలం వస్తే ఆడవాళ్ళు పొద్దున్నే ఖాళీ గంపలతో కొండెక్కుతారు. కన్ను విచ్చుకుని పక్వానికొచ్చిన కాయలు చూసి కోసుకుని, గంప నిండాక తల మీద చుట్టబట్ట పెట్టి దిగుతారు. మధ్యాహ్నానికి ఆటోలో గుంతకల్లు స్టేషను. ఆ రెండు నెలల మీదే మిగిలిన పది నెలలు ఆనుకుని ఉంటాయి.

కొండదారి ఒక మనిషి పట్టేంత. ఒక పక్క గట్టు, ఒక పక్క లోయ. ఆ దారికి మావాళ్ళు పెట్టుకున్న పద్ధతులు రెండే రెండు. బరువున్న వాళ్ళది దారి. ఖాళీ చేతులతో ఎదురొచ్చినవాడు సర్పంచయినా సరే, గట్టెక్కి నిలబడాల్సిందే. ఇక రెండోది, తల మీద బరువున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే తిరుగుతుంది. తల ఒక్కటే తిరగదు, గంపతో సహా ఒళ్ళంతా తిరుగుతుంది, కాలి కింద గరుసు నిలవదు. ఎంత తొందరున్నా ఆమె వెనకే నడవాలి. లేదంటే పొదల్లో పడి చుట్టు తిరిగి ముందుకు పోయి, మొహం చూపించి అప్పుడు మాట్లాడాలి. వెనక నుంచి "అమ్మా" అని పిలిచినందుకు అమ్మ చేత చెంపదెబ్బ తిన్నవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే కాదు.

వినాయక చవితి అయిన వారానికి సైకిళ్ళు దిగాయి. గాలిమరలవాళ్ళు కొండపైకి వేసుకున్న రోడ్డులో జీపుల మీద సైకిళ్ళు ఎక్కించుకుపోయి, పైనుంచి మా కాలిదారిలో కిందికి తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు. అరచెయ్యంత వెడల్పు టైర్లు, తలలకు టోపీలు, మోచేతులకు తొడుగులు.

మొదటి ఆదివారం ఆంజినమ్మ, ఆమె వెనక నా భార్య చెన్నమ్మ, ఇద్దరూ ఖాళీ గంపలతో ఎక్కుతున్నారు. కాయలు లాగే దోటి భుజాన వేసుకుని వాళ్ళ వెనక నేను. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పాలిష్ దుమ్ము మింగిన రొమ్ము నాది. మోయలేను, దోటి పట్టగలను. వంపు తిరిగేసరికి ఎదురుగా ఒక సైకిలు సర్రున వచ్చి ఆగింది. దాని మీద మనిషి గబుక్కున దిగి, సైకిలు ఎత్తి పక్కన పెట్టి, తాను కంపలో నిలబడ్డాడు.

"ఎక్కేవాళ్ళు ముందు పోవాలమ్మా. పోండి, నిదానంగా పోండి," అన్నాడు. కన్నడం కలిసిన తెలుగు.

ఆంజినమ్మ గంప నడుముకు ఆనించుకుని అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "ఎవురు నాయనా నువ్వు? కొండ మింద నుంచి ఊడిపడితివి?"

"దేవేంద్ర అంటారమ్మా. బెంగుళూరు."

"బెంగుళూర్లో రోడ్లు లేవా?"

"ఉండాయమ్మా. వాటి మీద పోనీకే జాగా లేదు."

"నెత్తిన ఆ సట్టేంది మరి?"

"పడితే తల పగలకుండా."

"పడేదెందుకు, సట్టి పెట్టుకునేదెందుకు! చెన్నీ, చూసినావా ఈయప్ప తెలివి?"

చెన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దేవేంద్ర కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. అతని పిక్కలో రేగుముల్లు దిగి రక్తం చారలా కారుతోంది. మేం ముగ్గురం దాటేదాకా అతను కాలు కదపలేదు. తాడిపత్రిలో ఇరవై రెండేళ్ళలో నాకోసం పక్కకు జరిగినవాడు ఒక్కడూ లేడు. బండలెత్తే లారీ వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఒరేయ్ అనే అరుపే తప్ప పేరుతో పిలుపు లేదు.

ఆ సాయంత్రమే అతను మా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చెన్నమ్మ ఇచ్చిన చెంబుతో నీళ్ళు తాగి, అరుగు మీద నా పక్కన కూచున్నాడు.

"ముత్యాలప్పన్నా, ఈ దారి మీకంటే తెలిసినోళ్ళు లేరంట. శని ఆదివారాలు మాకు దారి చూసుకోవాల మీరు. కంప కొట్టి, రాళ్ళు సర్ది, వంపు కాడ జెండా పట్టుకుని నిలబడాల."

దినానికి ఇంత అని దుడ్లు కూడా చెప్పాడు. దుడ్ల కోసమే ఒప్పుకున్నానని ఊళ్ళో అందరికీ చెప్పాను. అది అబద్ధం. ఆ "అన్నా" కోసం ఒప్పుకున్నాను. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి అట్లాంటి దానికి అమ్ముడుపోతాడా అంటే, అప్పటిదాకా ఎవరూ ఇవ్వనిది కాబట్టే అమ్ముడుపోతాడు.

ఒక ఎర్ర టోపీ, రెండు జెండాలు ఇచ్చారు. దారి ఖాళీగా ఉంటే పచ్చది ఎత్తాలి. ఎవరైనా పడితే ఎర్రది. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే చెన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "బాగుండావులే. గుంతకల్లు స్టేషన్లో నిలబడు, మూటలిస్తారు."

"కండ్లలో నిప్పులు పోసుకుంటాండావు నువ్వు."

"నిప్పులు పోసుకునేదానికి కట్టెల్లేవు. దిగేటప్పుడు రెండు పుల్లలు ఏరుకురా, టోపీసామీ."

ఆమె ఎగతాళి చేస్తే ఇంట్లో అంతా బాగున్నట్టు. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

రెండో వారం వాళ్ళతో సునంద వచ్చింది. ధర్మవరం పట్టుచీరల కొట్టువాళ్ళ అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. అనంతపురం బ్యాంకులో ఉద్యోగం. మిగతావాళ్ళు కొండను చూస్తే, ఆమె మనుషుల్ని చూసేది. జీపెక్కకుండా, సైకిలు చేత్తో నడిపించుకుంటూ, ఆంజినమ్మతో మాట్లాడుతూ కొండెక్కేది. చెన్నమ్మను అక్కా అనేది. మాకు పిల్లల్లేరు. ఆ పిల్ల వచ్చిన పూట చెన్నమ్మ రెండు మంచి పండ్లు పక్కన తీసిపెట్టడం నేను గమనించాను.

కొండ మొదట్లో బోర్డు పెడదామని సునందే అంది. ఒక శనివారం రేకు మీద తెల్లరంగు పూసి, మా అరుగు మీదే కూచుని, నల్ల అక్షరాలతో రాసింది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలి. సైకిలువారు నడిచేవారికి దారి ఇవ్వాలి. వెనక నుంచి వచ్చేవారు దూరం నుంచే గంట కొట్టి, మాట చెప్పి, నిదానంగా దాటాలి.

"ఇవి మా సైకిళ్ళోళ్ళ పద్ధతులన్నా," అంది సునంద, కుంచె నీళ్ళలో ముంచుతూ. "దారి మీది. మీ ఊరి పద్ధతులు ఏమన్నా ఉంటే చెప్పండి. అవి పైన రాస్తా, మావి కింద."

దేవేంద్ర కూడా నా వైపే చూస్తున్నాడు. చెన్నమ్మ గడప దగ్గర కూచుని కాయల్ని గడ్డిలో సర్దుతోంది.

చెప్పడానికి ఒక్క మాట. గంట కొట్టొద్దు, బరువున్న ఆడమనిషి ముందుంటే ఆమె దించుకునేదాకా వెనకే ఉండండి. కానీ కాయల కాలంలో పొద్దుటి పూటంతా ఆడవాళ్ళు దిగుతూనే ఉంటారు. ఆ మాట చెబితే వీళ్ళు తొక్కేదెప్పుడు? వేరే కొండ చూసుకుంటారు. ఇంకోటి కూడా ఉంది. వెనక నుంచి పిలవకూడదంటే, పిల్లి ఎదురొస్తే ఆగాలన్నట్టు ఉంటుంది కదా. నవ్వుతారేమో. నా వైపు చూస్తున్న ఆ చూపులో మర్యాద కాస్త తగ్గుతుందేమో.

"మాకేం పద్ధతులుంటాయి పాపా, పల్లెటూరోళ్ళం," అన్నాను. "మీరు గంట కొట్టండి. మావోళ్ళు జరుగుతారు."

గడ్డిలో చెన్నమ్మ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

వాళ్ళ జీపు ఊరు దాటాక అడిగింది. "యాటికి చెప్పలేదు?"

"ఏం చెప్పల్ల?"

"నీకు తెలీదా ఏం చెప్పల్లో?"

"వాళ్ళు మన మాదిరి కాదు మే. ఎంత మర్యాదగా దాటుతాండారో చూస్తాండావు కదా. గంట ఇనపడితే రొంత పక్కకు జరిగితే ఏం పోయె?"

"నెత్తిన గంప పెట్టుకుని ఎట్ల జరగాలప్పా? నువ్వొకసారి ఎత్తుకుని జరిగి చూపీ."

"నిదానంగా జరగల్ల."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను దగ్గాను. దగ్గు నాకు ఎప్పుడూ సమయానికే వస్తుంది.

"సరేలే," అంది చివరికి. "శని ఆదివారాలు మేమే బిరీన దిగేస్తాం. వాళ్ళు వచ్చేలోగా."

అట్లాగే చేశారు. ఆ రెండు రోజులూ కోడి కూయక ముందే లేచి, సెల్‌ఫోను లైట్ల వెలుగులో కొండెక్కేవాళ్ళు. కాయ కన్ను విచ్చుకుందో లేదో వెలుతురు లేకుండా తెలియదు. వేళ్ళతో తడిమి కోసేవాళ్ళు. పచ్చికాయలు వచ్చి గంపలో సగం వృథా. ఆంజినమ్మ ఊరుకుంటుందా?

"ఏమప్పా ముత్యాలూ, సైకిళ్ళు గంట కొడతాయి, బాగుంది. ఈ చీకట్లో పాము గూడా కొడతాదా? దానికీ ఒక బోర్డు రాపియ్యి."

"నీకు నోరు ఎక్కువ వదినా."

"నోరొక్కటే మిగిలింది నాయనా. దారి నువ్వు ఇచ్చేస్తివి."

మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఆడవాళ్ళు దిగేసిన దారిలో సైకిళ్ళు వస్తుంటే నేను పచ్చ జెండా ఎత్తేవాణ్ణి. అందరూ పోతూ పోతూ "థ్యాంక్సన్నా" అనేవాళ్ళు. ఇదంతా నేను కుదిర్చిన ఏర్పాటే అని లోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

దీపావళి ముందు ఆదివారం. ముందు గుట్టల్లో కాయ అయిపోయింది. ఉన్నదంతా కొండ వెనకవైపు. పండగ బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక ఆడవాళ్ళు అంతదూరమూ పోయారు. నేను రెండో వంపు దగ్గర నిలబడి ఉన్నాను. తొమ్మిదవుతోంది, వాళ్ళింకా దిగలేదు. ముందుగా ఆంజినమ్మ వచ్చింది. నన్ను దాటుతూ, మెడ కదపకుండా, "నీ పెండ్లాము వెనకుండాది," అని పోయింది.

కాసేపటికి పైన బండల మధ్య చెన్నమ్మ కనిపించింది. నిండు గంప. రెండు చేతులూ ఊపుకుంటూ, పాదాలు అడ్డంగా వేస్తూ దిగుతోంది. ఆమెకు ఇరవై గజాల పైన సునంద సైకిలు.

సునంద చాలా నెమ్మదిగా వస్తోంది. బ్రేకు పట్టుకుని, ఒక కాలు నేల మీద ఆనిస్తూ. అందరికంటే జాగ్రత్త గల మనిషి. నా చేతిలో ఎర్ర జెండా ఉంది. అది ఎత్తితే ఆగేది. కానీ ఎవరైనా పడితేనే ఎర్రది ఎత్తాలని చెప్పారు కదా, ఇంకా ఎవరూ పడలేదు కదా, అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

ట్రింగ్ ట్రింగ్ మని రెండుసార్లు, మెల్లగా, గుడిలో పిల్లలు కొట్టినట్టు గంట వినిపించింది. "అక్కా, నేనే. వెనక వస్తాండా. నిదానంగా పో," అంది సునంద. గొంతులో ఎంత ప్రేమో.

ఆ గొంతుకు చెన్నమ్మ తిరిగింది.

పడ్డాక ఎర్ర జెండా ఎత్తాను.

నేను పైకి చేరేసరికి సునంద ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. పండ్లు కొన్ని దారి మీద చితికి ఉన్నాయి, మిగతావి ఇంకా లోయలోకి దొర్లుతూనే ఉన్నాయి. దేవేంద్ర వాళ్ళు చేయాల్సినదంతా చేశారు. మెడ కదలకుండా బట్టలు చుట్టారు. పొడుగు కట్టెలు రెండు కొట్టి, చొక్కాలు తొడిగి, డోలీ కట్టి దింపారు. తమ జీపులోనే అనంతపురం తీసుకుపోయారు. ఒక్క వంక పెట్టడానికి లేదు.

మెడ ఎముకలో చిన్న చీలిక అన్నారు. అది మానుతుంది. కుడి భుజం లోపల ఏదో తెగింది, ఆ చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవదు. "నెత్తిన బరువు పెట్టొద్దు. ఎప్పుడూ," అన్నాడు డాక్టరు, మందుల చీటీ రాసుకుంటూ.

ఆసుపత్రి మంచం పక్కన సునంద నిలబడి ఉంది. మోకాళ్ళ మీద ఎర్రమట్టి అట్లాగే ఉంది. చెన్నమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది.

"అన్నా, నేనేమన్నా తప్పు చేసినానా?" అంది. "దూరం నుంచే కొట్టినా. మెల్లగా కొట్టినా. మాట గూడా చెప్పినా. బోర్డులో ఉన్నట్టే చేసినా కదా?"

"నీ తప్పేమీ లేదు పాపా," అన్నాను. "ఆయమ్మే చూసుకోలేదు. కాలు జారింది."

చెన్నమ్మ కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద గుడ్లు కదలడం చూశాను. మెలకువగానే ఉంది.

ఇంటికి తెచ్చాక ఆమె నన్ను ఒక్క మాట అంటే ఒక్క మాట అనలేదు. తిడుతుందని కాచుకున్నాను. అన్నం కావాలంటే అన్నం అనేది, నీళ్ళు కావాలంటే నీళ్ళు అనేది, అంతే. ఎగతాళి పోయింది. మెడకు పట్టీతో గోడకు ఆనుకుని, గడపలోంచి కొండను చూస్తూ కూచునేది. పట్టీ ఉన్నందున తల దించలేకపోయేది, ఎటు కూచోబెట్టినా కొండే కనబడేది. ఆంజినమ్మ మాత్రం గుమ్మంలోకి వచ్చి, నన్ను లేనివాణ్ణి చేసి, ఆమెతో మాట్లాడి పోయేది. ఎర్ర టోపీ నేను మళ్ళీ పెట్టుకోలేదు. దేవేంద్ర ఫోన్ చేస్తే రొమ్ము బాగలేదన్నాను. కాయల కాలం కూడా అయిపోవచ్చింది. కొండ మీద మిగిలినవి ఉడతలు తిన్నాయి.

సునంద మాత్రం ప్రతి ఆదివారం వచ్చింది. సైకిలు మా గోడకు ఆనించి, నేరుగా చెన్నమ్మ దగ్గరికి. మొదటి వారం దానిమ్మపండ్లు తెచ్చింది. రెండో వారం, చెన్నమ్మ తల అట్టలు కట్టి ఉండటం చూసి, చేతులు కడుక్కుని వచ్చి వెనక కూచుని నూనె రాసి దువ్వింది. చెయ్యి పైకి లేవని మనిషికి తల దువ్వుకోవడం ఎట్లాగో నాకు తోచలేదు. ఆంజినమ్మ రెండుసార్లు ముడి వేసింది కానీ, ఆమెకు ఓపిక తక్కువ. సునంద చిక్కులన్నీ వేళ్ళతో విడదీసి, వెనక్కి లాగకుండా, మెడ నొప్పి తెలియకుండా, జడ అల్లేది.

అల్లుతున్నంతసేపూ చెన్నమ్మ మాట్లాడేది. నాతో లేని మాటలన్నీ ఆ పిల్లతో ఉండేవి.

"వెనక గుట్ట కాడ నీళ్ళుండాయా పాపా?"

"చెలమలో రొంత ఉండాయక్కా. నెమలి తాగుతాండె."

"ఒకటేనా?"

"రెండు. ఒకటి పిల్ల."

"ఆ బండ పక్కన వంకర చెట్టు ఒకటుంటాది చూడు. దానికి ఆకు రాలిందా?"

"ఈసారి చూసొస్తా."

మరుసటి వారం చూసొచ్చి చెప్పేది. ఫోన్లో ఫోటోలు కూడా చూపించేది. చెన్నమ్మ పండులాంటి మొహంతో ఫోన్లోకి వంగలేక, దాన్ని కళ్ళ ఎత్తుకు పట్టించుకుని చూసేది. శనివారం సాయంత్రం నుంచే ఆమె మొహం తేటపడేది. ఇక కొండెక్కలేని మనిషికి ఆ పిల్లే కొండయింది.

నేను చూడలేకపోయాను. వచ్చిన ప్రతిసారీ "బాగుండారా అన్నా" అని అడిగేది. నా దగ్గుకు మందు తెచ్చేది. ఆ మర్యాద ముందొకప్పుడు నాకు అన్నంలా ఉండేది, ఇప్పుడు రాయి నమిలినట్టుంది. ఒక్కసారి చెప్పేస్తే పీడ పోతుందనిపించేది. నిజం చెప్పడం మంచిపనే కదా. ఎవరైనా అదే అంటారు.

డిసెంబరు నెల, ఎండ కూడా చల్లగా ఉన్న ఒక ఆదివారం. నేను కాఫీ కాచి రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాను. సునంద జడ అల్లుతోంది. సగం అయింది.

"చలికాలం అయిపోతానే మావోళ్ళు ఇంకో దారి గూడా చూద్దామంటాండారన్నా," అంది నాతో. "ఆ పక్క ఊరి కాడ. మీరు ఆడికి గూడా రావాల. బోర్డు అదే మాదిరి రాస్తా."

గ్లాసులు కింద పెట్టాను.

"అట్ల రాయొద్దు పాపా," అన్నాను. "గంట కొట్టకూడదు. నెత్తిన బరువుండే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఈ కొండ కింద పుట్టిన కుక్కకు గూడా తెలుసు ఆ సంగతి. నువ్వు ఆ దినం అడిగితివి. నేను చెప్పలేదు."

చెన్నమ్మ "ఏమప్పా" అంది, గట్టిగా. రెండు నెలల్లో ఆమె నన్ను మొదటిసారి పిలవడం అదే. నేను ఆగలేదు.

"చెప్తే మీరు వేరే యాడికన్నా పోతారని చెప్పలేదు. కాలు జారిందని ఆసుపత్రిలో చెప్పింది గూడా అబద్ధమే. గంటకు తిరిగింది. అందుకే పడింది."

సునంద వేళ్ళు జడలోనే ఉన్నాయి.

"నా గంటకేనా?" అంది. నన్ను కాదు, చెన్నమ్మను. "అక్కా, నేను పిలిచినందుకేనా?"

"కాలు జారింది పాపా. ఈయప్ప మాట పట్టించుకోవద్దు."

"నీకు తెలుసు. నీకు మొదటినుంచీ తెలుసు."

"జారింది అంటాండా కదా తల్లీ."

సునంద దువ్వెన చెన్నమ్మ పక్కన, నేల మీద, చప్పుడు కాకుండా పెట్టింది. లేచింది. గుమ్మం దాటేటప్పుడు "వస్తానక్కా" అంది కానీ వెనక్కి చూడలేదు. సైకిలు ఎక్కలేదు. చేత్తో నడిపించుకుంటూ రోడ్డు వైపు పోయింది. గోడ మలుపు దగ్గర సైకిలు గంట దేనికో తగిలి ఒక్కసారి మోగింది. ఆమె దాని మీద అరచెయ్యి వేసి పట్టుకుంది.

తర్వాత ఆదివారం ఆమె రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. దేవేంద్రకు ఫోన్ చేస్తే, సైకిలు ఎవరికో ఇచ్చేసిందన్నాడు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ పూట, ఆమె పోయిన దారి వైపే చూస్తూ చెన్నమ్మ కూచునుంది. నేను కాఫీ గ్లాసు అందించాను. తీసుకోలేదు.

"ఇప్పుడు నీకు బాగుండాదా?" అంది.

"నిజమే కదా మే నేను చెప్పింది."

"నిజమని నాకు తెలీదా? పడింది నేను." గొంతు పెంచలేదు. "ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు లేకనా? తెలిస్తే ఆ పిల్ల బతకదప్పా. బతికున్నన్ని దినాలూ ఆ గంట ఇనపడతానే ఉంటాది దానికి. అందుకని గమ్మునుంటి. రెండు నెలలు మోసినావు కదా, ఇంకొన్నాళ్ళు మోసింటే ఏం పోతావుండె నీకు? దించుకునేదానికి నీకు ఆ పిల్ల తలకాయే కనపడిందా?"

ఈసారి నాకు దగ్గు రాలేదు.

ఆమె ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి పోనిచ్చి జడ తడుముకుంది. సగం దాకా గట్టిగా ఉంది. అక్కడి నుంచి మూడు పాయలూ విడివిడిగా వేలాడుతున్నాయి. ఒక్క చేత్తో అల్లబోయింది. అల్లిందంతా విడిపోసాగింది.

నేను వెళ్ళి ఆమె వెనక కూచున్నాను. మూడు పాయలూ చేతిలోకి తీసుకున్నాను. వద్దనలేదు. ఏ పాయ మీదుగా ఏ పాయ వేయాలో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు.